మైనపు మంత్రికి దేశబహిష్కారం

యూరప్ రాజుల మొహాలు వాల్బుర్గాకు తెలిసినంతగా వాళ్ళ భార్యలకైనా తెలియవు. ఎవరి ముక్కు ఏ పక్కకు వంకరో, ఎవరి గడ్డం కింద రెండో గడ్డం వేలాడుతోందో ఆమెను అడగాలి. పత్రికల్లో అచ్చయిన బొమ్మలు ముందు పెట్టుకుని, తేనెమైనం కరిగించి, పద్దెనిమిదేళ్ళలో పధ్నాలుగు మంది రాజుల్నీ మంత్రుల్నీ నిలువెత్తున తయారుచేసింది. ఒక్కొక్క కనుబొమ వెంట్రుకనూ వేడి సూదితో గుచ్చి నాటింది. ఇదంతా తెర వెనక.

తెర ముందు ఆమె మొగుడు ఆంబ్రోస్ ఉండేవాడు. మనిషి ఆరడుగుల పొడవు, గొంతు చర్చి గంట. ఊరి మొదట్లో నిలబడి కేక వేస్తే ఊరి చివర ఆవులు తలెత్తి చూసేవి. బండి మీద బంగారు అక్షరాలతో బోర్డు ఉండేది: "మహాశిల్పి ఆంబ్రోస్ స్వహస్తాలతో మలచిన యూరప్ రాజుల దర్బారు". ఆ స్వహస్తాలు పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా మైనం ముట్టుకోలేదు. వాల్బుర్గా మొదటి రెండేళ్ళూ ఆ బోర్డు గురించి గొడవపడింది. తరవాత మానేసింది. మానేసిందంటే మరిచిపోయిందని కాదు.

1848 జనవరిలో డెన్మార్క్ రాజు చనిపోయాడు. ఆంబ్రోస్ ఆయన బొమ్మ భుజాన నల్ల గుడ్డ కప్పి, గొంతులో కాస్త ఏడుపు కలిపాడు. రెండు వారాలపాటు జనం విరగబడ్డారు. "ఈ ఏడాది మనకు బాగా కలిసొచ్చేట్టుందే" అన్నాడు భార్యతో.

మార్చి మొదట్లో రెండు బండ్లూ కాలెన్‌రోడ్ చేరాయి. కాలెన్‌రోడ్ అంటే చిన్న సంస్థానం. పొద్దున కాఫీ తాగి బయల్దేరితే, ఆ మధ్యాహ్నం భోజనం వేళకు ఎటువైపునుంచైనా సరిహద్దు దాటేయొచ్చు. ధాన్యం కొట్టులో దర్బారు పెట్టారో లేదో, మందుల కొట్టు ఎగిడియస్ పత్రిక ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ఊళ్ళో పత్రిక తెప్పించుకునేది ఆయనొక్కడే.

"పారిస్‌లో జనం తిరగబడ్డారు! రాజు సింహాసనం వదిలి పారిపోయాడు! ఎవరూ గుర్తుపట్టకుండా బుగ్గమీసాలు గొరిగించుకుని మరీ పారిపోయాడు!"

వాల్బుర్గా తెర వెనకనుంచి తల బయటపెట్టింది. "గొరిగించేసుకున్నాడా?"

"శుభ్రంగా!"

"ఆ బుగ్గమీసాలు నాటడానికి నాకు పదకొండు వారాలు పట్టిందండీ" అంది వాల్బుర్గా. ఫ్రెంచి రాజ్యం పడిపోయినందుకు కాలెన్‌రోడ్‌లో కంటనీరు పెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే.

అక్కడితో ఆగలేదు. ఎగిడియస్ వారానికి రెండుసార్లు పత్రిక పట్టుకుని సారాయంగడి బల్ల ఎక్కేవాడు. వియన్నాలో జనం లేచారు, ముప్పైతొమ్మిదేళ్ళు చక్రం తిప్పిన మహామంత్రి మెటర్నిక్ ఉడాయించాడు. బెర్లిన్‌లో అడ్డుగోడలు కట్టి పోరాడారు, చనిపోయినవాళ్ళ ముందు రాజు టోపీ తీసి నిలబడ్డాడు. మ్యూనిక్‌లో రాజు ఒక నాట్యగత్తె గొడవలో పదవి వదులుకున్నాడు. వింటున్న కాలెన్‌రోడ్ జనానికి ఒంట్లో ఒకటే ఉడుకు. యూరప్ అంతా పెళ్ళి భోజనాలు చేస్తుంటే తమకొక్కరికే పిలుపు రానట్టుంది.

"మనమూ తిరగబడాలి!" అన్నాడు ఎగిడియస్.

"ఎవరి మీద?" అడిగాడు రొట్టెలు కాల్చే ఆయన.

అక్కడే చిక్కొచ్చింది. వాళ్ళ ప్రభువు గాజు గదుల్లో పుచ్చకాయలు పెంచుకునే ముసలాయన. ఎదురుపడితే ముందు ఆయనే నమస్కారం పెడతాడు. అయినా ఎగిడియస్ పట్టు వదల్లేదు. పది కోర్కెలు రాశాడు. మార్చి ఇరవైతొమ్మిదిన, ఎండ బాగా కాస్తుండగా, మూడువందల మంది కోట ముందు చేరారు. సాయంత్రం దాకా అరవాలని రొట్టెలూ పచ్చళ్ళూ మూటగట్టుకుని వచ్చారు.

ఎగిడియస్ రెండో కోర్కె చదువుతుండగానే ప్రభువు వసారా మీదికొచ్చాడు, నడుముకు కట్టిన తోటపని గుడ్డతోనే.

"పత్రికా స్వేచ్ఛేగా? ఇచ్చేశాను. పౌరసేన? పెట్టుకోండి. నేరస్తుణ్ణి పన్నెండుమంది పౌరులే విచారించడం? చాలా మంచిది, మా జడ్జీకి ఎలాగూ చెవుడు. వీధిలో చుట్ట కాల్చడం? కాల్చుకోండి, గడ్డివాముల దగ్గర మాత్రం వద్దు. ఇంకేమైనా ఉందా నాయనలారా? నాకు జలుబు చేసింది, లోపలికి పోతాను."

ఎనిమిది నిమిషాల్లో తిరుగుబాటు అయిపోయింది.

మూడువందల మంది పచ్చళ్ళ మూటలు పట్టుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గొంతుల్లో కేకలన్నీ అలాగే ఉండిపోయాయి. చర్చి మెట్లదాకా వెళ్ళారు, వెనక్కొచ్చారు. అప్పుడెవడో అరిచాడు: "మెటర్నిక్ ఇక్కడే ఉన్నాడుగా! ధాన్యం కొట్టులో!"

గుంపు హోరుమని ధాన్యం కొట్టు మీద పడింది. తలుపు దగ్గర ఆంబ్రోస్ రెండు చేతులూ చాచి నిలబడ్డాడు గానీ ఆ జనాన్ని చూసేసరికి అంత గొంతూ పిల్లికూతైంది. అతన్ని పక్కకు నెట్టి వాల్బుర్గా ముందుకొచ్చింది.

"ఏమిటిది?"

"తప్పుకోమ్మా! నిరంకుశుణ్ణి పట్టుకెళ్ళడానికొచ్చాం!" అన్నాడు ఎగిడియస్.

"పట్టుకెళ్ళండి. ముందు బూట్లు తుడుచుకోండి. పొద్దున్నే నేల కడిగాను."

గుంపు ఆగింది. ముందు వరసలో వాళ్ళు కాళ్ళు చూసుకున్నారు. తరవాత ఒక్కొక్కళ్ళే గుమ్మం దగ్గర గోనెపట్టా మీద బూట్లు తుడుచుకుని, వరసగా లోపలికెళ్ళారు. మూడువందల మందికీ ముప్పావుగంట పట్టింది. లోపలికెళ్ళినవాళ్ళు రష్యా చక్రవర్తినీ బ్రిటన్ రాణినీ తీరిగ్గా చూసుకుని, చివర్లో మెటర్నిక్‌ను భుజాన వేసుకుని బయటికొచ్చారు. ఆ రాత్రికి ఆయన్ని ఊరి జైల్లో పెట్టారు. ఎంత పిలిచినా ఆయన లేచి రాలేదని, ఖైదీలకు అన్నం పెట్టే ముసలమ్మ గిన్నె అక్కడే వదిలి వచ్చింది.

విచారణ సోమవారం మున్సిపల్ హాల్లో జరిగింది. కొత్త చట్టం కింద మొదటి కేసు. పన్నెండుమంది పౌరులూ ఆదివారం బట్టలు వేసుకొచ్చి బెంచీల మీద కూర్చున్నారు. నగరాధ్యక్షుడు ట్రౌగాట్ పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఆయనకు ఈ గోలంతా ఇష్టం లేదు గానీ, కాగితాలు పద్ధతిగా ఉండకపోతే అంతకన్నా ఇష్టం ఉండదు.

"ముద్దాయి తన పేరు చెప్పాలి."

ముద్దాయి చెప్పలేదు.

"ఎంత పొగరో చూడండి!" అన్నాడు ఎగిడియస్. "ముప్పైతొమ్మిదేళ్ళు మన నోళ్ళు నొక్కి, ఇవాళ తన నోరు తెరవడట!"

"ముద్దాయి తరఫున మాట్లాడేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

 చివరికి వాల్బుర్గా లేచింది. "నేను మాట్లాడతానండీ. ఈయనకు ముప్పైతొమ్మిదేళ్ళ పాపాలు అంటగడుతున్నారు. ఈయన వయసు ఐదున్నరేళ్ళు. పద్దెనిమిది వందల నలభైరెండులో, సెప్టెంబరు చివర మైకేల్ పండుగ వారంలో తయారయ్యాడు. అంతకుముందు చేసినవాటితో ఈయనకేం సంబంధం?"

బెంచీల మీద గుసగుసలు లేచాయి. రొట్టెలాయన "అదీ నిజమే" అనేశాడు.

ఎగిడియస్‌కు కోపం నషాళానికంటింది. "అయితే అసలు నేరస్తుడు వీడు కాదన్నమాట! ఇలాంటి నియంతను బొమ్మ చేసి, ఊరూరా తిప్పి, జనం చేత టోపీలు తీయించినవాడే నేరస్తుడు! ఎవరు చేశారీ బొమ్మ?"

హాలంతా ఆంబ్రోస్ వైపు తిరిగింది. బండి మీది బంగారు అక్షరాలు అందరూ చదివినవే. ఆంబ్రోస్ మొహం మైనంకన్నా తెల్లగా పాలిపోయింది.

"నేను కాదు బాబోయ్!" అన్నాడు. "ఆవిడ! ఆవిడే చేసింది! పధ్నాలుగు మందినీ ఆవిడే చేసింది! నాకు మైనం కాచడం కూడా రాదు, కావాలంటే అడగండి!"

 భార్యను ఇలా పట్టిచ్చే మగాణ్ణి చూసి ఆడవాళ్ళు ఛీ కొట్టారు. వాల్బుర్గాకు కూడా కోపం రావలసింది. ఎందుకో రాలేదు. పద్దెనిమిదేళ్ళుగా గుండెల మీద కూర్చున్నదేదో లేచి పక్కకు వెళ్ళినట్టయింది.

"అవును, నేనే" అంది. గుమాస్తా వైపు తిరిగి, "రాసుకోండి. వాల్బుర్గా. మధ్యలో 'ర్' మింగేయకండి" అంది.

గుమాస్తా రాశాడు. పన్నెండుమందీ లేచి ముద్దాయి దగ్గరికొచ్చి పరిశీలించారు. "అరె, చెవిలో వెంట్రుకలు కూడా ఉన్నాయిరా!" "ఈ గోరు చూడు, అంచు విరిగినట్టు!" "అమ్మా, చేతి మీద నరాలు ఎలా తెప్పించావు?" వాల్బుర్గా చెప్పింది. పొడుగాటి విచారణలో అదే అందరికీ నచ్చిన భాగం. చివరికి తీర్పు వచ్చింది. చేసినావిడ పనితనం గొప్పది గనక ఆమె నిర్దోషి. మెటర్నిక్‌కు మాత్రం జీవితాంతం దేశబహిష్కారం.

దేశం దాటాలంటే పాస్‌పోర్టు ఉండాలని ట్రౌగాట్ పట్టుబట్టాడు. గుమాస్తా గుర్తులు రాశాడు: కళ్ళు గాజువి; పళ్ళు అన్నీ ఉన్నవి; ప్రత్యేక చిహ్నం వీపున కుట్టు. మర్నాడు పౌరసేన డప్పులతో ఆయన్ని సరిహద్దు వంతెన దాకా సాగనంపింది. అవతలి ఒడ్డున పక్క సంస్థానం కాపలావాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"ఎక్కడికి?"

"మెటర్నిక్‌ను వెళ్ళగొడుతున్నాం. తీసుకోండి."

"మా మంత్రిని మొన్న మంగళవారమే తన్ని తగలేశాం. మీవాణ్ణి తెచ్చి నెత్తిన పెట్టుకోమంటావా? పట్టుకుపో."

"బహిష్కారం పడ్డవాణ్ణి వెనక్కి ఎలా తీసుకుపోతాం? మాకూ చట్టం ఉంది!"

సాయంత్రం దాకా వాదించుకున్నారు. చివరికి ఆయన్ని ఏ దేశానికీ చెందని చోట, వంతెన నడిమధ్య సుంకం పాక ముందున్న బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళారు.

దర్బారు కాలెన్‌రోడ్‌లోనే నిలిచిపోయింది. కేసు కాగితాలు తేలేదాకా బండ్లు కదలకూడదన్నాడు ట్రౌగాట్. కదిలినా వెళ్ళే దారి లేదు. దక్షిణాన తిరుగుబాటు, ఉత్తరాన డెన్మార్క్ వాళ్ళతో యుద్ధం. మే నెలలో ఎగిడియస్ ఎన్నికై ఫ్రాంక్‌ఫర్ట్ మహాసభకు వెళ్ళాడు. జర్మనీ అంతటినీ ఒక్కటి చేసి వస్తానన్నాడు. జూన్‌లో ఉత్తరం వచ్చింది: "మాట్లాడేవాళ్ళ జాబితాలో నాది నూటఎనభైమూడో సంఖ్య. సిద్ధంగా ఉన్నాను."

ఆ జూన్‌లోనే పారిస్ వీధుల్లో మళ్ళీ ఫిరంగులు పేలాయి. ఈసారి పేదవాళ్ళ మీద. వేలమంది పోయారన్న వార్తకు సారాయంగడిలో ఎవరూ బల్ల ఎక్కలేదు, ఎవరూ కేకలేయలేదు. అదే వారం ఎండలు ముదిరి, వంతెన మీద మెటర్నిక్ ముక్కు జారడం మొదలైంది.

వాల్బుర్గా రోజూ గొడుగు, తడిగుడ్డలు, చిన్న కత్తులు పట్టుకుని వెళ్ళేది. తెర ఎక్కడా లేదు. జీవితంలో మొదటిసారి పదిమంది చూస్తుండగా పని చేసింది. చెర్రీపళ్ళు అమ్మే ఆడవాళ్ళు గంపలు దించి కూర్చునేవాళ్ళు, రెండువైపుల కాపలావాళ్ళూ ఆమెకు నీళ్ళు అందించేవాళ్ళు.

"ఏమ్మా, ఇన్నాళ్ళూ మీ ఆయన చేస్తాడనుకున్నామే!" అంది ఒక చెర్రీల ఆవిడ.

"నేనూ ఒక్కోసారి అలాగే అనుకునేదాన్ని వదినా. రోజూ అంత గట్టిగా చెబుతుంటే" అంది వాల్బుర్గా, ముక్కు నిలబెడుతూ.

ఆంబ్రోస్ వంతెన చివర రాతి మీద కూర్చుని బంగాళాదుంపల తొక్క తీస్తూ ఉండేవాడు. ఒకరోజు దగ్గరికొచ్చాడు.

"ఆ రోజు కోర్టులో... కంగారులో ఏదో నోరు జారాను వాల్బుర్గా."

"కంగారులో నిజం చెప్పావు. దానికి నాకేం బాధ లేదు. నిదానంగా ఉన్నప్పుడు చెప్పిన అబద్ధాల సంగతే ఆలోచించుకో."

ఆంబ్రోస్ ఆలోచించుకున్నాడు. అలవాటు లేని పని గనక శరత్కాలం దాకా పట్టింది.

శరత్కాలానికి గాలి మారిపోయింది. చక్రవర్తి సైన్యం వియన్నాను ఫిరంగులతో తిరిగి పట్టుకుంది. బెర్లిన్‌లో సైన్యం దిగి సభను మూయించింది. నవంబరులో ఒక పొద్దున, పొగమంచు దట్టంగా ఉండగా, ఉత్తరాది పెద్ద రాజ్యంనుంచి కెప్టెన్ వోల్‌రాత్ నలభైమంది సైనికులతో కాలెన్‌రోడ్‌ను దారిలో పెట్టడానికి బయల్దేరి వంతెన ఎక్కాడు. సగం దూరం వచ్చాక మంచులో ఆయనకొక మనిషి కనిపించాడు. పట్టు కోటు, ఛాతీ మీద పతకాలు, యూరప్ అంతా ఎరిగిన ఆ మొహం.

కెప్టెన్ సైన్యాన్ని నిలబెట్టి, మడమలు చరిచి సలాము చేశాడు.

"ఏలినవారు లండన్‌లో ఉన్నారనుకున్నాం! కెప్టెన్ వోల్‌రాత్, నలభైమందితో హాజరు! శాంతి నెలకొల్పడానికి వెళ్తున్నాం. తమ ఆజ్ఞ?"

ఆజ్ఞ రాలేదు. మహామంత్రి ఏదో గంభీరంగా ఆలోచిస్తున్నాడు. పెద్దవాళ్ళ ఆలోచన మధ్యలో చొరబడకూడదని కెప్టెన్ సలాము చెయ్యి దించకుండా నిలబడ్డాడు. పావుగంట గడిచింది. సైనికుల కాళ్ళు మంచుకు కొయ్యబారాయి. అప్పుడు పక్కనుంచి వాల్బుర్గా వచ్చి, "రాత్రంతా మంచు కురిసింది, చూడు నీ అవతారం" అంటూ మహామంత్రి ముక్కు పట్టుకుని మొహం తుడవసాగింది.

కెప్టెన్ కత్తి దూశాడు. "దూరం జరుగు! ఆయనెవరో తెలుసా నీకు?"

"తెలుసు బాబూ. నేనేగా చేసింది."

వెనక వరసలో ఎవడో కిసుక్కున నవ్వాడు. తరవాత నలభైమందీ నవ్వారు. కెప్టెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"ఇది రాజద్రోహం! మహామంత్రిని వెక్కిరించే బొమ్మ! దీన్ని చేసినవాళ్ళకు పదేళ్ళు కోట జైలు!"

చూస్తుండగానే ఊరంతా వంతెన దగ్గర చేరింది. ఇద్దరు సైనికులు వాల్బుర్గా భుజాలు పట్టుకున్నారు. అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఆంబ్రోస్ వచ్చాడు. ఈసారి గొంతు పాత గొంతే.

"ఆవిణ్ణి వదలండి! ఆ బొమ్మ చేసింది నేను! బండి మీద బోర్డు చూసుకోండి, మహాశిల్పి ఆంబ్రోస్! ఆవిడకు మైనం కాచడం కూడా రాదు!"

వాల్బుర్గా నోరు తెరుచుకుని చూసింది. ఒక్క క్షణం ఆమె కళ్ళు చెమర్చాయి. మరుక్షణం మండిపోయాయి.

"ఏమయ్యా, సిగ్గులేదూ? పద్దెనిమిదేళ్ళకు ఒక్కసారి నా పేరు కాగితం మీదికెక్కితే, అదీ లాక్కుంటావా?"

"ఏమే, నిన్ను జైలు తప్పించాలని చూస్తుంటే!"

"జైలుకైనా నా పేరు మీదే పోతాను! ఎవడు తప్పించమన్నాడు నిన్ను?"

"పదేళ్ళు! కోట జైల్లో చలికి చస్తావే పిచ్చిదానా! నేను చేశానండీ కెప్టెన్ గారూ!"

"అబద్ధం! ఏదీ, చెవి ఎలా చేస్తారో చెప్పమనండి!"

"చెవి... చెవి ముందు గుండ్రంగా..."

"గుండ్రంగానట!" అంది వాల్బుర్గా జనం వైపు తిరిగి. జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

ఇంతలో ప్రభువు తోటపని గుడ్డతోనే నడిచొచ్చాడు. వెనక ట్రౌగాట్, చంకలో కోర్టు రికార్డు. ముసలాయన సంగతంతా విని కెప్టెన్‌ను పక్కకు తీసుకెళ్ళాడు. వాల్బుర్గాకు మాత్రం వినిపించింది.

"తప్పకుండా విచారణ చేద్దాం కెప్టెన్ గారూ. మా ట్రౌగాట్ పద్ధతి మనిషి, మాట పొల్లుపోకుండా రాసి మీ రాజుగారికి పంపిస్తాడు. పొద్దున మీరు మైనం బొమ్మకు ఏమని మనవి చేసుకున్నారు, పావుగంట సేపు దేనికోసం ఎదురుచూశారు, అన్నీ."

కెప్టెన్ కత్తి ఒరలో పెట్టాడు. కాలెన్‌రోడ్‌లో శాంతిభద్రతలు ఇప్పటికే బాగున్నాయని ప్రకటించి, ప్రభువు ఇంట భోజనం చేసి, మర్నాడే సైన్యంతో వెనుదిరిగాడు. బయల్దేరేముందు ఎవరూ చూడకుండా ఒక్కడే వంతెన దగ్గరికొచ్చి, "అమ్మా, నా మొహం కూడా చేస్తే ఎలా ఉంటుందంటావు?" అని అడిగాడు. ముక్కు కష్టం అంది వాల్బుర్గా.

ప్రభువు కూడా తన బొమ్మ చేయమన్నాడు. "బతికుండగా, ఇంకా పదవిలో ఉండగా చేసెయ్యి తల్లీ. ఈ ఏడాది రెండూ నమ్మకం లేదు."

డిసెంబరంతా ఆయన పుచ్చకాయల గదిలో కదలకుండా కూర్చుంటే వాల్బుర్గా చేసింది. ఆంబ్రోస్ పొయ్యిలోకి కట్టెలు మోసి, మైనం కాచడం నేర్చుకుని, రెండుసార్లు చెయ్యి కాల్చుకుని, ఖాళీ అయినప్పుడు పత్రిక చదివి వినిపించేవాడు. మామూలు పాదిరీ వేషంలో పోప్ రోమ్ వదిలి పారిపోయాడు. వియన్నాలో చక్రవర్తి గద్దె దిగితే, పద్దెనిమిదేళ్ళ అబ్బాయిని కూర్చోబెట్టారు. ఫ్రాన్సులో జనం ఓట్లేసి నెపోలియన్ వాళ్ళన్న కొడుకును అధ్యక్షుణ్ణి చేసుకున్నారు.

"తమ్ముడి కొడుకు" అని సరిదిద్దాడు ప్రభువు, పెదవులు కదపకుండా.

"ముక్కెలా ఉంటుందో రాశారా?" అడిగింది వాల్బుర్గా.

ఏడాది చివరి రోజు మధ్యాహ్నం ధాన్యం కొట్టులో ప్రభువు బొమ్మ ముందు ఊరంతా చేరింది. ఎగిడియస్ ఒక్కడే లేడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆయన సంఖ్య అరవైఒకటికి వచ్చిందట. తెర పక్కన నిలబడి ఆంబ్రోస్ గొంతు సవరించుకున్నాడు.

"మహాజనులారా! వినండి! చూడండి! యూరప్‌లోకెల్లా మంచి ప్రభువుగారి నిలువెత్తు రూపం! మలచినది... మహాశిల్పివాల్బుర్గా!"

చివరి రెండు మాటలూ వేడి దుంప నోట్లో పెట్టుకున్నవాడిలా గబుక్కున మింగేశాడు.

తెర వెనకనుంచి వాల్బుర్గా చెయ్యి వచ్చి అతని కోటు పట్టుకుని లాగింది. "మళ్ళీ చెప్పు. నెమ్మదిగా."

ఆంబ్రోస్ ఊపిరి నిండా పీల్చుకున్నాడు. ఈసారి ఒక్కొక్క అక్షరం విడమరిచి, కప్పు పెంకులు అదిరేలా చెప్పాడు. ఊరి చివర ఆవులు తలెత్తి చూశాయో లేదో గానీ, జనం మాత్రం టోపీలు ఎగరేశారు. వాల్బుర్గా చేతులు తుడుచుకుని, తెర పక్కకు జరిపి, వెలుతురులోకి వచ్చి నిలబడింది.